కుంచె గీత ఎంత లావుండాలి?

ఫొటో ఎడిటింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే కోరిక చుట్టూ తిరిగాయి. తీసింది ఫొటోనే అయినా, చూసినవాళ్లు ‘ఎవరు గీశారు?’ అని అడగాలట. ఒకరి దగ్గర ఫొటోషాప్ ఉంది, ఒకరి దగ్గర జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఇంకొకరి దగ్గర ఫోన్ ఒక్కటే. అందుకే ఎవరి ప్రశ్నకు వాళ్లకు విడిగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: చార్మినార్ ఫొటోకి ఫొటోషాప్‌లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ వేశాను. ఆకాశమంతా వానపాములు పాకినట్టు వంకర గీతలు వచ్చాయి. మినార్ల మీద మాత్రం ఏమీ జరగనట్టే ఉంది. మొత్తం మీద బొమ్మకి ప్లాస్టిక్ కవరు తొడిగినట్టుంది. తప్పెక్కడ జరిగింది?
– డిగ్రీ విద్యార్థి, మలక్‌పేట

జవాబు: తప్పులు నాలుగున్నాయి. ముందు వానపాముల సంగతి చూద్దాం. ఈ ఫిల్టర్ బొమ్మలోని అంచుల వెంబడి కుంచెను నడుపుతుంది. కమాను వంపు, గోడ అంచు ఉన్నచోట దానికి దారి తేటగా దొరుకుతుంది. ఖాళీ ఆకాశంలో దారేమీ ఉండదు, ఉన్నదల్లా కెమెరా నాయిస్, అంటే సన్నటి రంగు రవ్వలు. ఆ రవ్వలనే అంచులనుకుని వాటి చుట్టూ వంకర్లు తిరుగుతుంది. కాబట్టి ఫిల్టర్‌కు ముందే నాయిస్ తీసేయాలి. ఫిల్టర్ → కెమెరా రా ఫిల్టర్‌లో, డీటెయిల్ కింద ఉండే నాయిస్ రిడక్షన్‌ను 30 నుంచి 50 మధ్య పెట్టండి. ఇంకా మిగిలితే ఆకాశాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి సర్ఫేస్ బ్లర్ వేయండి. రేడియస్ 8, థ్రెషోల్డ్ 12 సరిపోతాయి.

రెండోది కొలత. ఫిల్టర్‌కు మీ ఫొటో ఎంత పెద్దదో పట్టదు, కుంచె లావును అది పిక్సెళ్లలోనే లెక్కేస్తుంది. ఫోన్ ఫొటో 4000 × 3000 ఉంటే, స్కేల్ స్లైడర్‌ని చివరిదాకా లాగినా ఆ గీత అంత పెద్ద బొమ్మలో వెంట్రుకలాగే కనిపిస్తుంది. మినార్ల మీద ఏమీ జరగనట్టుంది అందుకే. ఫొటోకి నకలు తీసి, ఇమేజ్ సైజ్‌లో పొడవు వైపు 1800 పిక్సెళ్లకు తగ్గించండి. ఫిల్టర్ వేశాక మళ్లీ 4000కి పెంచండి. గీత రెండింతలకు పైగా లావవుతుంది. పెంచినప్పుడు బొమ్మ కాస్త మెత్తబడుతుంది. ఫొటోకైతే అది నష్టం, పెయింటింగ్‌కు కాదు.

మూడోది ప్లాస్టిక్ కవరు, అది వచ్చింది స్లైడర్ల వల్ల. స్టైలైజేషన్ ఎంత పెంచితే పూత అంత నున్నబడుతుంది, క్లీన్‌లీనెస్ ఎంత పెంచితే గీత అంత సాగుతుంది. రెండూ 8 దాటాయంటే జెల్లీ పూసినట్టే. స్టైలైజేషన్ 4, క్లీన్‌లీనెస్ 3, స్కేల్ 2, బ్రిసిల్ డీటెయిల్ 3 దగ్గర మొదలుపెట్టండి. షైన్ 1 లోపే ఉండాలి. వెలుగు కోణం ఫొటోలో ఎండ వస్తున్న వైపే పెట్టాలి. ఎండ ఎడమ నుంచీ, కుంచె గీతల మెరుపు కుడి నుంచీ వస్తే, చూసేవాళ్లకి ఏదో తేడా ఉందని తెలుస్తుంది గానీ ఏమిటో చెప్పలేరు.

నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. చార్మినార్ బొమ్మ గీసేవాడు కరెంటు తీగలు, షాపుల బోర్డులు, ఆటో నంబరు ప్లేటు గీస్తూ కూర్చోడు. ఏది వదిలేయాలో అతనికి తెలుసు. ఫిల్టర్‌కు వదిలేయడం రాదు, తీగకూ మినారుకూ ఒకే శ్రద్ధతో రంగు పూస్తుంది. ఆ పని మీరు చేసిపెట్టాలి. కొత్త ఖాళీ లేయర్ (ఫొటో మీద పరిచే పారదర్శక పొర) మీద స్పాట్ హీలింగ్, క్లోన్ స్టాంప్‌లతో తీగలు తీసేయండి. తర్వాత కళ్లు సగం మూసి తెర వైపు చూడండి. ఆకాశం, ఎండ పడ్డ ముఖం, నీడ ముఖం, కింద జనం, నేల – ఇలా అయిదారు పెద్ద ముక్కలు విడివిడిగా కనిపిస్తే ఫొటో పనికొస్తుంది. అంతా ఒకే బూడిద ముద్దగా ఉంటే ఏ ఫిల్టర్ వేసినా లాభం లేదు.

చార్మినార్ నాలుగు కమానులూ సరిగ్గా నాలుగు దిక్కులకూ తిరిగి ఉంటాయి. గుల్జార్ హౌజ్ వైపు నుంచి కనిపించేది ఉత్తర ముఖం, చలికాలం పొడుగునా దానిమీద నేరు ఎండ పడదు. అక్కడే నిలబడి తీస్తే వెలుగునీడల తేడా రాదు. ఆ రోజుల్లో పొద్దున్నే ఈశాన్య మూల నుంచో, సాయంత్రం వాయవ్య మూల నుంచో తీస్తే ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ వస్తాయి. అలాంటి ఫొటోకి సగం పని కెమెరాలోనే అయిపోతుంది.

ప్రశ్న: నాకు ఆయిల్ పెయింట్ ఫిల్టర్, ఫిల్టర్ గ్యాలరీ రెండూ బూడిద రంగులో ఉండి నొక్కుడు పడటం లేదు. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించాలా?
– ఫ్లెక్స్ డిజైనర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అక్కర్లేదు. ఫ్లెక్స్ పని చేస్తారు కాబట్టి మీ ఫైలు సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు రంగుల పద్ధతి) ఉండి ఉంటుంది. ఈ రెండింటికీ ఆర్‌జీబీ (తెర వాడే మూడు రంగుల పద్ధతి) కావాలి. ఇమేజ్ → మోడ్‌లో మార్చుకోండి. ఫిల్టర్ గ్యాలరీకి అదనంగా 8 బిట్స్ కూడా ఉండాలి, 16 ఉంటే తెరుచుకోదు. అయినా ఆయిల్ పెయింట్ రాకపోతే ప్రిఫరెన్సెస్ → పెర్ఫార్మెన్స్‌లో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’కి టిక్ ఉందో లేదో చూసి, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. ఈ ఫిల్టర్ సీఎస్6లో వచ్చింది, సీసీ 2014లో తీసేశారు, ఆ తర్వాత మళ్లీ పెట్టారు. మీది 2014 వెర్షన్ అయితే వెతికినా దొరకదు. పని మొత్తం ఆర్‌జీబీలో ముగించి, ప్రెస్సుకిచ్చే నకలును మాత్రమే చివర్లో సీఎంవైకే చేయండి.

ప్రశ్న: మా మామగారి సంవత్సరీకానికి ఆయన ఫొటోను తైలవర్ణ చిత్రంలా చేసి ఫ్రేము కట్టించాలని ఉంది. ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఒక్కటే, 1200 × 1600. ఫిల్టర్ వేస్తే కళ్లు మసకబారి, మనిషే మారిపోతున్నారు. ఫొటోషాప్ కొంత వచ్చు.
– గృహిణి, నల్లకుంట

జవాబు: ముందు ఆ ఫొటో పంపినవాళ్లనే అడగండి. అసలు ఫైలు వాళ్ల ఫోన్‌లో ఇంకా ఉంటే ‘డాక్యుమెంట్’గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. దొరక్కపోయినా దిగులు పడకండి. పెయింటింగ్‌లో వివరాలు ఎలాగూ తగ్గిస్తాం కాబట్టి చిన్న ఫొటో కూడా పనికొస్తుంది.

12 × 16 అంగుళాల ఫ్రేముకి, అంగుళానికి 200 పిక్సెళ్ల లెక్కన 2400 × 3200 కావాలి. అంటే మీ ఫొటోకి సరిగ్గా రెండింతలు. పెంచేముందు ఫిల్టర్ → నాయిస్ → రెడ్యూస్ నాయిస్‌లో ‘రిమూవ్ జేపెగ్ ఆర్టిఫాక్ట్’కి టిక్ పెట్టండి. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది. ఆ గళ్లు పోకుండా పెంచితే బుగ్గ మీద చదరాలు తేలతాయి, వాటి మీద ఎంత రంగు పూసినా దాగవు.

ఇక ఫిల్టర్ పక్కన పెట్టి మిక్సర్ బ్రష్ అందుకోండి. బ్రష్ టూల్‌ని నొక్కి పట్టుకుంటే కిందనే ఉంటుంది. పైనుండే బార్‌లో వెట్ 40, మిక్స్ 80, ఫ్లో 60 పెట్టండి. ‘ప్రతి స్ట్రోక్ తర్వాత బ్రష్‌కి రంగు ఎక్కించు’ అనే బొమ్మను ఆపండి, ‘ప్రతి స్ట్రోక్ తర్వాత బ్రష్ కడుగు’ అనే దాన్ని ఉంచండి. అప్పుడు కుంచె కొత్త రంగు వేయదు, ఫొటోలోని రంగునే లాగి పులుముతుంది. శాంపుల్ ఆల్ లేయర్స్‌కి టిక్ పెట్టి, ఖాళీ లేయర్ మీద పని చేయండి. అలా చేస్తే కింద ఫొటో చెక్కు చెదరదు. ఒక జాగ్రత్త: రంగులు సరిదిద్దే అడ్జస్ట్‌మెంట్ లేయర్లేవీ మీరు పూస్తున్న లేయర్‌కి పైన ఉండకూడదు. ఉంటే బ్రష్ సరిదిద్దిన రంగును తీసుకుంటుంది, దానికి పైనుంచి మళ్లీ సవరణ పడుతుంది. పూసినచోటల్లా రంగు ముదిరిపోతోందంటే కారణం ఇదే.

పూత మూడు సైజుల్లో సాగాలి. వెనకాల గోడకి 200 పిక్సెళ్ల బ్రష్, లాల్చీ, కండువాలకి 100, ముఖానికి 30. గోడ మీద ఎటైనా లాగండి, బట్ట మీద మాత్రం మడత ఎటు పోతే కుంచె అటే పోవాలి. నుదుటి మీద అడ్డంగా, ముక్కు మీద నిలువుగా, చెంప మీద ఎముక నుంచి దవడ దాకా వంపుగా, మెడ చుట్టూ తిరిగినట్టుగా లాగాలి. అన్నీ ఒకే వైపు లాగితే ముఖం పలక మీద గీసినట్టు చదునుగా తయారవుతుంది. ముఖానికి, గోడకి వేరే లేయర్లు పెట్టుకోండి, లేకపోతే చెంప రంగు గోడలోకి కారుతుంది. అయితే అంచంతా కత్తిరించినట్టు పదునుగా ఉండకూడదు. వెలుగు పడ్డ చెంప దగ్గర అంచు గట్టిగా ఉండనివ్వండి, నీడవైపు జుట్టు దగ్గర గోడలో కలిసిపోనివ్వండి.

కళ్ల దగ్గర నింపాదిగా పని చేయండి. మనిషి పోలిక ఉండేది కళ్లు, పెదవుల మూలలు, ముక్కుపుటాల్లోనే. కాబట్టి వాటి మీద మిక్సర్ బ్రష్ అసలు ఆడించకండి. అసలు ఫొటోలో కంటి భాగాన్ని నకలు తీసి అన్నిటికీ పైన పెట్టండి. దానికి లేయర్ మాస్క్ (నల్లగా పూసినచోట ఆ లేయర్‌ను దాచేది) వేసి, మెత్తటి నల్ల బ్రష్‌తో చుట్టూ కరిగించండి. పై రెప్ప గీతను ముదురు గోధుమ రంగుతో, 4 పిక్సెళ్ల మామూలు బ్రష్‌తో ఒక్కసారి దిద్దండి. నలుపు వద్దు, కాటుక పెట్టినట్టవుతుంది. ఆఖరున నల్లగుడ్డులో మెరిసే తెల్ల చుక్క వేయాలి. ఫొటోలో అది ఎక్కడుందో అక్కడే, గట్టి అంచు బ్రష్‌తో, ఒకే ఒక్క చుక్క. రెండో కంట్లోనూ అదే వైపు వేయండి. కుడికంట్లో కుడిపక్కా, ఎడమకంట్లో ఎడమపక్కా పెడితే చూపు చెదురుతుంది. కళ్లద్దాల మీద మెరుపు ఉంటే సగమే తగ్గించండి. పూర్తిగా తీసేస్తే అద్దాల్లేని ఫ్రేము పెట్టుకున్నట్టుంటుంది.

రంగు మందంగా కనిపించాలంటే చివర్లో కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+ఈ నొక్కి, అన్నీ కలిసిన నకలును పైన తెచ్చుకోండి. కంట్రోల్+షిఫ్ట్+యూతో దాని రంగు తీసేసి, ఫిల్టర్ → స్టైలైజ్ → ఎంబాస్ వేయండి. ఎత్తు 2, అమౌంట్ 100. బ్లెండింగ్ మోడ్ ఓవర్‌లే, ఒపాసిటీ 40. ముఖం మీద దాన్ని మాస్క్‌తో సగానికి తగ్గించండి, లేకపోతే చర్మం గరుకుగా కనిపిస్తుంది.

ఇంకో మాట. ఫ్రేముకి దండ వేస్తారు కదా. ముఖం పై సగంలో ఉండేలా కత్తిరించుకుని, రెండు పక్కలా, ఛాతీ దగ్గరా చోటు వదలండి. గడ్డం దాకా నిండుగా పెట్టిన ఫొటోకి దండ వేస్తే, కష్టపడి పూసినదంతా బంతిపూల వెనక్కి పోతుంది.

ప్రశ్న: బోనాల ఫొటోలకి పెయింటింగ్ ఎఫెక్టు వేస్తే ఎర్రచీరలు, కుంకుమ, పసుపు ముద్దముద్దగా అయిపోతున్నాయి. మిగతా రంగులు బాగానే ఉంటున్నాయి.
– ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్

జవాబు: ఎండలో ఎర్రచీర ఫొటో తీస్తే రెడ్ చానల్ (ఫొటోలోని ఎరుపు పాలు) గరిష్ఠమైన 255కి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. మడతల్లో ఉండాల్సిన తేడాలు ఫైలులోనే ఉండవు, ఫిల్టర్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరక్క ముద్ద చేస్తుంది. హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుగు స్థాయిల గ్రాఫులో, రెడ్ ఒక్కటే పెట్టి చూడండి, కుడిగోడకి అతుక్కుని ఉంటుంది. రా ఫైలు (కెమెరా పట్టిన వివరాలన్నీ ఉండే ఫైలు) ఉంటే ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గించి, ఎరుపు సాచురేషన్ 20, నారింజ 10 తగ్గించండి. మడతలు బయటికి వస్తాయి, అప్పుడు ఫిల్టర్ వేయండి. జేపెగ్ ఒక్కటే ఉంటే గ్రీన్ చానల్‌లో మడతలు మిగిలి ఉంటాయి. దాన్ని కాపీ చేసి, పైన కొత్త లేయర్‌గా పేస్ట్ చేసి, ల్యూమినాసిటీ మోడ్‌లో 30 శాతం ఉంచండి. చీరల వరకే మాస్క్ చేయాలి, ముఖాల మీద పడితే జ్వరమొచ్చినట్టుంటాయి. ఈసారి తీసేటప్పుడు మాత్రం ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టుకోండి.

ప్రశ్న: ఫొటోషాప్ కొనే స్తోమత లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఇవన్నీ అవుతాయా?
– ఐటీఐ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: అవుతాయి. జింప్‌లో ఫిల్టర్స్ → ఆర్టిస్టిక్ → ఆయిలిఫై ఉంది. చుట్టుపక్కల ఎక్కువగా కనిపించే రంగు ఏదో చూసి దాన్నే అక్కడ నింపుతుంది, అంతే. అందుకే దీని పూత చుక్కలు చుక్కలుగా వస్తుంది, లాగిన గీతలా రాదు. 1800 పిక్సెళ్ల బొమ్మకి మాస్క్ రేడియస్ 5 దగ్గర మొదలుపెట్టండి. 10 దాటితే ముఖాలు పోతాయి. ఒకే లావు పూత మొత్తం బొమ్మకి వేయకండి. లేయర్‌కి రెండు నకళ్లు తీసి, ఒకదానికి 10, ఒకదానికి 3 వేసి, 3 ఉన్నదాన్ని పైన పెట్టి, ముఖ్యమైన చోట్ల మాత్రమే మాస్క్‌తో కనిపించనివ్వండి. పెద్ద కుంచె, చిన్న కుంచె తేడా అలా వస్తుంది.

దీనికన్నా మేలైనది జీ-మిక్ అనే ప్లగిన్, అదీ ఉచితమే. వేసుకున్నాక ఫిల్టర్స్ మెనూలో చివర కనిపిస్తుంది. అందులో కువహారా అనే ఫిల్టర్‌ను వెతకండి. ప్రతి పిక్సెల్ చుట్టూ నాలుగు చిన్న గళ్లు తీసుకుని, వాటిలో తేడాలు అన్నిటికన్నా తక్కువున్న గడి సగటు రంగును అక్కడ పెడుతుంది. అందువల్ల లోపలి నలకలు పోతాయి గానీ అంచులు పదునుగానే మిగులుతాయి, రంగు మడులు కట్టినట్టు వస్తుంది. 1970ల్లో జపాన్‌లో గుండె స్కాన్ బొమ్మల్లో నలకలు తీయడానికి కనిపెట్టిన పద్ధతి అది, ఇప్పుడు మనకి పెయింటింగ్ పూతకి పనికొస్తోంది. చేత్తో పూయాలనుకుంటే క్రీటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని దాని స్మడ్జ్ బ్రష్‌లు వాడండి. మా మాట అడిగితే, జింప్‌లో శుభ్రం చేసుకుని క్రీటాలో పూయడమే మంచిది.

ప్రశ్న: వానమబ్బుల్లో హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఫొటోను నీటిరంగుల చిత్రంలా మార్చాను. కాన్వాస్ టెక్స్చర్ కూడా వేశాను. ఎందుకో నీటిరంగుల్లా అనిపించడం లేదు.
– బ్యాంకు ఉద్యోగి, హిమాయత్‌నగర్

జవాబు: నీటిరంగులు కాగితం మీద వేస్తారు. కాన్వాసు నేత కనిపించగానే కన్ను దాన్ని ఆయిల్ అనుకుంటుంది, అక్కడే అడ్డం తిరిగింది. టెక్స్చరైజర్‌లో శాండ్‌స్టోన్ ఎంచుకుని రిలీఫ్ 2 దగ్గర ఉంచండి. ఇంకా మంచిది, గరుకు డ్రాయింగ్ కాగితం స్కాన్ చేసి మల్టిప్లై మోడ్‌లో 35 శాతం వేయడం.

నీటిరంగుల్లో తెలుపు అంటే పూయని కాగితం. కారునలుపు కూడా దాదాపు ఉండదు. కాబట్టి లెవెల్స్‌లో కిందుండే అవుట్‌పుట్ పట్టీలో ఎడమ కొసను 0 నుంచి 45కి జరపండి, నలుపులు తేలికవుతాయి. ఫిల్టర్ గ్యాలరీలో కటౌట్: లెవెల్స్ 6, ఎడ్జ్ సింప్లిసిటీ 4, ఎడ్జ్ ఫిడెలిటీ 2. దాని మీద ఇంకో నకలుకి డ్రై బ్రష్, ఒపాసిటీ 50. తడి రంగు ఆరేటప్పుడు అంచుకి చేరి అక్కడ ముదురుతుంది. ఆ గీత రావాలంటే మూడో నకలుకి ఫైండ్ ఎడ్జెస్ వేసి, రంగు తీసి, లెవెల్స్‌తో బూడిదంతా తెలుపు చేసి, మల్టిప్లైలో 40 శాతం ఉంచండి. ఇవన్నీ ఒక గ్రూపులో పెట్టి, గ్రూపుకి నల్ల మాస్క్ వేసి, చిరుగుల అంచున్న పెద్ద బ్రష్‌తో తెల్లగా పూస్తూ బొమ్మను బయటికి తెండి. అంచుల దాకా పూయకండి. నాలుగు పక్కలా ఎగుడుదిగుడుగా కాగితం మిగలాలి.

మీ ఫొటోకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఆ విగ్రహం ఒకే రాతిలో చెక్కినది, లేత బూడిద రంగు. మబ్బూ అదే రంగు. రెండూ కలిసిపోతే బుద్ధుడు మాయమవుతాడు. విగ్రహాన్ని దాదాపు కాగితం తెలుపుగా వదిలేసి, దాని చుట్టూ ఆకాశాన్ని కర్వ్స్‌తో ఒక మెట్టు ముదురు నీలిబూడిదకి దించండి. నీళ్లలో ప్రతిబింబాన్ని నిలువు గీతలుగా కాకుండా అడ్డంగా రెండు మూడు చోట్ల తెంచండి.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు? ఏఐ యాప్‌లో ఫొటో పెడితే క్షణాల్లో పెయింటింగ్ చేసి ఇస్తోంది కదా!
– పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: పుట్టినరోజు స్టేటస్‌కి, శుభాకాంక్షల కార్డుకి భేషుగ్గా వాడుకోండి. ఒక బొమ్మలోని పూతను తీసి ఇంకో ఫొటో మీద పరిచే పద్ధతి 2015లో పరిశోధనగా వచ్చింది, 2016లో ప్రిస్మా యాప్‌తో అందరి ఫోన్లలోకీ చేరింది. ఆ యాప్‌లు ఫొటో రూపురేఖలను చాలావరకు ఉంచేవి. ఇప్పటి ఏఐలు బొమ్మను మొదట్నుంచీ తిరగ గీస్తాయి. తేడా తెలుసుకోవాలంటే వచ్చిన బొమ్మను అసలు ఫొటో మీద 50 శాతం ఒపాసిటీతో పెట్టి చూడండి. కళ్ల మధ్య దూరం, దవడ, నవ్వు కొద్దిగా జరిగి ఉంటాయి. గాజుల లెక్క మారుతుంది, నల్లపూసల గొలుసు కాస్తా ముత్యాల దండ అవుతుంది, షాపు బోర్డు మీద తెలుగు అక్షరాలు ఏ భాషకీ చెందకుండా పోతాయి. ఇంట్లోవాళ్ల ముఖాలున్న ఫొటో అయితే, ఏఐ పూతను వెనకభాగానికీ బట్టలకీ ఉంచి, ముఖం, చేతులు, నగల దగ్గర మాస్క్‌తో అసలు ఫొటోను తెచ్చుకుని పైన చెప్పిన మిక్సర్ బ్రష్‌తో కలపండి. వచ్చే ఫైలు ఎన్ని పిక్సెళ్లుందో కూడా చూసుకోండి. తెర మీద మెరిసే 1024 × 1024 బొమ్మ, అంగుళానికి 200 లెక్కన అయిదంగుళాల ప్రింటుకే సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి ఫొటోను దక్కనీ సూక్ష్మచిత్రం తరహాలో చేయాలంటే ఏ ఫిల్టర్ వాడాలి?
– పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: దీనికి ఫిల్టర్ లేదు. ఆ బొమ్మల్లో కుంచె గీతలు కనపడవు, నేల మీద నీడ పడదు, రంగులు చదునుగా నింపి చుట్టూ సన్నటి గీత కడతారు. కాబట్టి దారి తిరగబడాలి. నీడలన్నీ తీసేసి, చీర, పంచె, నేల, ఆకాశం ఒక్కోదాన్ని పెన్ టూల్‌తో విడదీసి ఒక్కో రంగు నింపండి. ముదురు గోధుమ రంగులో 2–3 పిక్సెళ్ల గీత కట్టండి. ముఖాలు పక్కకి తిరిగి ఉన్న ఫొటో ఎంచుకుంటే సగం పోలిక వచ్చేస్తుంది. బంగారు రంగు మాత్రం ప్రింటులో ఆవాల ముద్దలాగే పడుతుంది. మెరుపు కావాలంటే ప్రింటు తీశాక బంగారు రంగుతో చేత్తో దిద్దించాల్సిందే. మొదలుపెట్టే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో అసలు బొమ్మలు దగ్గర్నుంచి చూసి రండి. శుక్రవారం సెలవు.

ప్రశ్న: నా బొమ్మను 16 × 20 కాన్వాసు మీద ప్రింటు తీయించాను. చెక్కకి బిగించేసరికి తలపైన కొంత భాగం పక్కకి మడిచేశారు. పైగా తెర మీద ఉన్నదానికన్నా బాగా చీకటిగా వచ్చింది. కుంచె గీతలూ కనపడటం లేదు.
– రిటైర్డ్ టీచర్, అల్వాల్

జవాబు: అంగుళంన్నర మందం చెక్కకి కాన్వాసు చుట్టాలంటే నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు అదనంగా కావాలి. అంటే 16 × 20కి ఫైలు 20 × 24 ఉండాలి, అంగుళానికి 200 లెక్కన 4000 × 4800 పిక్సెళ్లు. ఫొటోలో అంత జాగా లేకపోతే అంచు రెండంగుళాలను నకలు తీసి, అద్దంలోలా తిప్పి, పక్కన అతికించండి. మడత మీదికి పోయేది ఆ అతుకే.

చీకటికి కారణం సాధారణంగా మీ తెర వెలుగు మరీ ఎక్కువ ఉండటం. దానికితోడు కాన్వాసు సిరాను పీలుస్తుంది, నీడలు పూడుకుపోతాయి. తెర వెలుగును సగానికి తగ్గించి, తెల్లకాగితం పక్కన పెట్టి రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆపైన లెవెల్స్‌లో మధ్య స్లైడర్ 1.15 చేయండి. ఫైలును ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌తో (ఏ అంకె ఏ రంగో చెప్పే పట్టిక) సేవ్ చేయండి. అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే, ప్రొఫైల్ పట్టించుకోని ల్యాబుల్లో రంగులు వెలిసినట్టు వస్తాయి.

ఇక కుంచె గీత. 200 లెక్కన ఒక మిల్లీమీటరంటే దాదాపు 8 పిక్సెళ్లు. నాలుగడుగుల దూరం నుంచి చూసే బొమ్మలో గీత 5, 6 మిల్లీమీటర్లు ఉంటే కంటికి బాగా ఆనుతుంది, అంటే 40 నుంచి 50 పిక్సెళ్లు. మీరు 10 పిక్సెళ్ల గీతలు వేసి ఉంటారు, కాన్వాసు నేత వాటిని మింగేసింది. ముఖం దగ్గర 20 చాలు, వెనకాల 100 దాకా పోవచ్చు. మొత్తం తీయించేముందు కన్ను, జుట్టు, గోడ మూడూ పడేలా ఒక నాలుగంగుళాల పట్టీని అసలు సైజులో అదే కాన్వాసు మీద తీయించి, ఎక్కడ తగిలిస్తారో ఆ గోడకే పెట్టి చూడండి.